ఎర్రమట్టి ఒక్కటే, ఎరుపులెందుకు రెండు?

ప్రశ్న: సీతమ్మధారలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆదివారం వస్తే కెమెరా తగిలించుకుని భీమిలి రోడ్డెక్కుతాను. ల్యాప్‌టాప్‌లో సరిచేసిన ఫొటో ఫోన్‌లో ఒకలా, ల్యాబ్‌ ప్రింటులో ఇంకోలా ఉంటోంది. రాత్రిళ్లు తమ్ముడూ నేనూ కాసేపు గేములాడతాం. రెండు పనులకీ ఒకే మానిటర్‌ కొందామని ద్వారకానగర్‌ షాపులన్నీ తిరిగితే అంకెలతో బుర్ర వేడెక్కింది. ఏం చూసి కొనాలి? ఎందుకు?

ముందు జవాబు చెప్పేస్తాను. 27 అంగుళాల తెర, 2560×1440 పిక్సెళ్లు, ఐపీఎస్‌ ప్యానెల్‌, ఎస్‌ఆర్‌జీబీ రంగులు నూటికి నూరు లేదా దాని దరిదాపుల్లో, 100 హెర్ట్జ్‌ గానీ ఆపైన గానీ, ఎత్తు సర్దుకునే స్టాండు. ఇంతే. వంపు తిరిగిన తెర వద్దు, హెచ్‌డీఆర్‌ స్టిక్కర్‌ చూసి అదనంగా రూపాయి పెట్టొద్దు. ఇప్పుడు కారణాలు చూద్దాం. అవి తెలిస్తే, అనుకున్న మోడల్‌ దొరక్కపోయినా ఉన్నవాటిలో ఏది తీసుకోవాలో, దేని దగ్గర రాజీ పడొచ్చో మీకే తెలుస్తుంది.

అసలు రంగు ఎందుకు మారుతోంది?

ఫొటో ఫైల్లో రంగులుండవు, అంకెలుంటాయి. ఒక్కో పిక్సెల్‌కీ ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని మూడంకెలు, ఒక్కోటీ సున్నా నుంచి 255 దాకా. ‘ఎరుపు 255’ అనగానే తెర తనకు చేతనైనంత ఎరుపు చూపిస్తుంది. కానీ ఒక తెరకు చేతనైనంత ఎరుపు ఇంకో తెరకు చేతకాదు. ఈ గందరగోళం తీర్చడానికే 1996లో హ్యూలెట్‌ ప్యాకర్డ్‌, మైక్రోసాఫ్ట్‌ సంస్థలు ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి కొలతను ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. నెట్‌లో తిరిగే ఫొటోల్లో చాలావాటికి ఇప్పటికీ అదే కొలత. ఆల్బమ్‌ వేసే ల్యాబులవాళ్లు మామూలుగా అడిగేదీ ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్గే.

ఇక మీ ల్యాప్‌టాప్‌ సంగతి. తక్కువ ధర రకమైతే దాని వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి అమెరికా కలర్‌ టీవీల కొలత. ఆ టీవీలు ఎప్పుడో పోయాయి, కొలత మాత్రం మన ల్యాప్‌టాప్‌ల వివరాల్లో మిగిలిపోయింది. ఆ లెక్కలో 72 శాతం ఉంటే ఇంచుమించు ఎస్‌ఆర్‌జీబీ అంత వైశాల్యం. 45 అంటే అందులో మూడింట రెండొంతులు కూడా ఉండదు.

అలాంటి తెర మీద, మీరెక్కే భీమిలి రోడ్డు పక్కనుండే ఎర్రమట్టి దిబ్బల ఫొటో ఒకటి తెరవండి. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఆ దిబ్బలకు ఆ రంగు. సాయంత్రపు ఎండ వాలుగా పడితే గెడ్డల అంచులు ఒక ఎరుపు, నీడ పడ్డ లోయలు ఒక ఎరుపు. మీ తెర మీద రెండూ ఒకటే ఇటుకపొడి రంగులోకి దిగిపోతాయి. చూసొచ్చింది ఇది కాదే అనిపిస్తుంది. శాచురేషన్‌ స్లైడర్‌ని ప్లస్‌ 25 దాకా లాగుతారు. హమ్మయ్య, బాగుంది. అదే ఫొటో ఫోన్‌లో తెరిస్తే దిబ్బలు భగ్గుమంటాయి, ముందు నిలబడ్డ మనిషి మొహం కందిపోయి ఉంటుంది. తెర తక్కువ చూపించింది కాబట్టి మీ చెయ్యి ఎక్కువ పోసింది.

దీనికి సరిగ్గా తిరగబడ్డ చిక్కు కొత్త మానిటర్లతో వస్తుంది. ‘95 శాతం డీసీఐ-పీ3’ అని రాసి ఉన్నవి సినిమా థియేటర్ల కొలత ప్రకారం ఎస్‌ఆర్‌జీబీ కన్నా గాఢమైన రంగులు చూపిస్తాయి. షాపులో పక్కన పెట్టిన మిగతా తెరలన్నీ దాని ముందు వెలవెలబోతాయి. ఇంటికొచ్చాక ఎర్రమట్టి ఫొటోని లైట్‌రూమ్‌లో ఒకసారి, ఫోల్డర్లోంచి ఏదో మామూలు వ్యూయర్‌లో ఒకసారి తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఫైలు, ఒకే తెర, రెండు ఎరుపులు! లైట్‌రూమ్‌, ఫొటోషాప్‌ లాంటివి మానిటర్‌ ప్రొఫైల్‌ చూసుకుని అంకెల్ని దానికి తగ్గట్టు మార్చి పంపిస్తాయి. ఆ లెక్క చూసుకోని ప్రోగ్రాములు ఎస్‌ఆర్‌జీబీ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఆ వెడల్పాటి తెర మీద గుమ్మరిస్తాయి, రంగు పొంగుతుంది. ఆ పొంగు చూసి భయపడి మీరు శాచురేషన్‌ తగ్గిస్తే, ఫోన్‌లో ఫొటో చప్పబడిపోతుంది.

అయితే పీ3 మానిటర్‌ వద్దా? వద్దనను. దాని మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌ ఉండాలి, ఆ మోడ్‌లో పెట్టాక కూడా బ్రైట్‌నెస్‌ మార్చుకోనివ్వాలి. ఈ రెండో షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా మోడళ్లు తన్నుకునేది ఇక్కడే. ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌ ఎంచగానే బ్రైట్‌నెస్‌ బిగుసుకుపోతుంది, రాత్రిపూట ఆ వెలుగు కళ్లలో పొడుస్తుంది. షాపులో వెనక బటన్లు నొక్కి ఈ ఒక్కటీ చూసుకోండి.

ఇంకో మాట. ఎర్రమట్టి ఎరుపు చూపించడానికి పీ3 అక్కర్లేదు. మట్టి రంగులు, మనిషి చర్మం, ఆకాశం చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ గిరిగీతలోనే ఇమిడిపోతాయి. గీత దాటేవి వేరే ఉన్నాయి. పూర్ణామార్కెట్‌ బంతిపూల రాశి, పట్టుచీర మీద ఎండ పడ్డ రాణీ రంగు, నియాన్‌ బోర్డులు. అడోబీ ఆర్‌జీబీ అని ఇంకో కొలత గొప్పగా చెబుతారు. 1998 నాటిది. అది ఎస్‌ఆర్‌జీబీ కన్నా విస్తరించేది ముఖ్యంగా ఆకుపచ్చ, నీలి-ఆకుపచ్చల వైపు. దాని మూల ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ ఎరుపే. ఎగ్జిబిషన్లకు పెద్ద ప్రింట్లు వేయించే వాళ్లకు అది అవసరం. మీకు కాదు, ఇప్పుడు కాదు.

వివరాల కాగితంలో ‘డెల్టా ఈ 2 లోపు’ అని ఉంటే మంచి గుర్తు. చూపించాల్సిన రంగుకీ చూపించిన రంగుకీ ఉన్న తేడా అది. 2 లోపు తేడాని మామూలు కన్ను పట్టుకోవడం కష్టం. ఫ్యాక్టరీలోనే సరిచేసి, ఆ తెర తాలూకు రిపోర్టు కాగితం పెట్టెలో పెట్టే మోడళ్లున్నాయి. రెండు మానిటర్ల మధ్య తేల్చుకోలేకపోతే ఆ కాగితం ఉన్నదాన్ని తీసుకోండి.

ప్రింట్లు ఎందుకు నల్లబడుతున్నాయి?

ఇది మీరు అడగలేదు గానీ, ‘ప్రింటులో ఇంకోలా’ అన్నారు కాబట్టి నాకు తెలిసి ఇదే అయ్యుంటుంది. ప్రింటు నల్లబడితే అందరూ ల్యాబ్‌వాణ్ణి తిడతారు. తొంభై పాళ్లు తప్పు మానిటర్‌ వెలుగుది.

మానిటర్లు పెట్టెలోంచి వచ్చేటప్పుడు షాపు లైట్లలో మెరవడానికి తగ్గట్టు 250, 300 నిట్ల వెలుగుతో వస్తాయి. ఎడిటింగ్‌కి కావాల్సింది 80 నుంచి 120 నిట్లు. మూడింతల వెలుగులో కూర్చుంటే ఫొటో మీకు బాగా తెల్లగా కనిపిస్తుంది, ఎక్స్‌పోజర్‌ తగ్గిస్తారు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, ఆ తగ్గించిందంతా అక్కడ చీకటిగా తేలుతుంది.

మీటరు లేకుండా దీన్ని సరిచేసుకునే పద్ధతి ఒకటుంది. రాత్రిపూట, మీరు రోజూ పనిచేసే లైటు వేసుకుని, ఒక తెల్ల ఏ4 కాగితాన్ని మానిటర్‌ అంచుకు ఆనించి పట్టుకోండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. మొదట తెర దీపంలా, కాగితం బూడిద రంగు గుడ్డలా ఉంటుంది. బ్రైట్‌నెస్‌ 80 నుంచి 60కి, 40కి దించుతూ రండి. 25, 30 ప్రాంతంలో ఎక్కడో ఒకచోట రెండు తెలుపులూ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అక్కడ ఆపేయండి. మొదటి రోజు చీకటిగా ఉందనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది, ఆ తరవాత పాత వెలుగే భరించలేరు.

అదే కాగితం తెలుపు రంగుని కూడా చెబుతుంది. తెర నీలంగా తోస్తే మెనూలో కలర్‌ టెంపరేచర్‌ 6500కె దగ్గర పెట్టండి. మన ఇళ్లలో వాడే కూల్‌ డేలైట్‌ ట్యూబులైట్లు కూడా 6500కె వే. పసుపు బల్బులు వాడే దేశాలవాళ్లు ఎడిటింగ్‌ గదికి ప్రత్యేకంగా లైట్లు కొనుక్కుంటారు, మనకు ఆ ఖర్చు తప్పింది.

గది ఎందుకు ముఖ్యమో సీతమ్మధార రైతుబజారుకు వెళ్తే తెలుస్తుంది. ఎర్ర టార్పాలిన్‌ కింద నిగనిగలాడిన టమాటాలు సంచిలో ఇంటికొచ్చేసరికి పచ్చిగా తేలతాయి. మీ గదిలో మానిటర్‌ ఎదురుగా ఆరెంజ్‌ గోడ ఉంటే ఆ టార్పాలిన్‌ మీ తల మీదే ఉన్నట్టు. గోడకు రంగు మార్చమనను, బల్ల తిప్పితే చాలు. తెర కిటికీకి ఎదురుగానూ వద్దు, కిటికీకి వీపు పెట్టీ వద్దు, పక్కవాటుగా ఉండాలి. తూర్పు కిటికీ ఉన్న ఫ్లాట్లలో పొద్దున పదింటి దాకా రంగుల పని పెట్టుకోకండి. అప్పుడు ఫొటోలు ఏరుకోండి, పేర్లు పెట్టుకోండి, రంగులు సాయంత్రం చూసుకోండి.

ఐపీఎస్సే ఎందుకు?

టీఎన్‌ ప్యానెల్‌ చౌక, వేగం ఎక్కువ. కానీ తల కాస్త కిందికి దించితే రంగులు తిరగబడతాయి. తెర పైభాగంలో ఆకాశం ఒక నీలం, కిందిభాగంలో అదే ఆకాశం ఇంకో నీలం. ఫొటోలకు అది పనికిరాదు. ఐపీఎస్‌లో పక్కనుంచి చూసినా రంగు నిలబడుతుంది. మీ పక్కన కుర్చీలో కూర్చున్న తమ్ముడికీ అదే రంగు కనిపిస్తుంది.

ఐపీఎస్‌కి ఉన్న లోటు నలుపు. దాని కాంట్రాస్ట్‌ 1000:1 ప్రాంతంలో ఉంటుంది, వీఏ ప్యానెల్‌కి 3000:1 దాకా వస్తుంది. కైలాసగిరి మీంచి తీసిన రాత్రి ఫొటో లైటార్పి ఐపీఎస్‌ మీద చూస్తే సముద్రం నల్లగా కాక ముదురు బూడిదగా ఉంటుంది, మూలల్లో సన్నటి పొగలాంటి వెలుగు. వీఏ మీద సముద్రం నల్లగానే ఉంటుంది, కానీ పక్కకు జరిగితే నీడల్లోని వివరం మారుతూ పోతుంది. బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌ని ఎండలో తీశారనుకోండి. వెనక తెల్లటి సముద్రం, ముందు నల్లటి పొట్ట. ఆ నలుపులో అతుకులు ఎంతవరకు పైకి లాగాలో నిర్ణయించేటప్పుడు తల కదిలిస్తే నీడ మారకూడదు. అందుకే నా ఓటు ఐపీఎస్‌కి. రాత్రి చిన్న లైటొకటి మానిటర్‌ వెనక గోడ మీద పడేలా పెట్టుకుంటే ఆ బూడిద నలుపు అంతగా తెలియదు.

ఓలెడ్‌ రెండిటికన్నా అందంగా ఉంటుంది, నిజమే. ధర ఎక్కువ. పైగా లైట్‌రూమ్‌ ప్యానెళ్లు, టాస్క్‌బార్‌ లాంటివి గంటల తరబడి కదలకుండా ఉంటే ఆ మచ్చ శాశ్వతంగా పడే ప్రమాదముంది. రోజంతా ఎడిటింగ్‌ చేసే బల్లకి నేనైతే ఇప్పుడే కొనను.

27 అంగుళాలకు 1440 ఎందుకు?

అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అన్నది లెక్క. 24 అంగుళాల ఫుల్‌ హెచ్‌డీలో 92. అదే ఫుల్‌ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతుంది, తెలుగు అక్షరాల గుడులు, వట్రసుడులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. 27లో 1440 అంటే 109. బల్ల మీద చేయి చాపినంత దూరంలో కూర్చునేవాడికి ఇది సరిపడా. 4కె అయితే 163. అక్షరాలు అచ్చేసినట్టుంటాయి, కానీ అన్నీ చీమల్లా చిన్నవైపోతాయి కాబట్టి విండోస్‌లో 150 శాతానికి పెంచుకోవాలి.

ఫొటోల వైపు నుంచి చూడండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో 6000×4000. ఫోకస్‌ చూడటానికి వంద శాతం జూమ్‌ చేస్తే ఫుల్‌ హెచ్‌డీ తెర మీద ఫొటోలో దాదాపు పన్నెండో వంతు కనిపిస్తుంది. 1440 మీద ఆరో వంతుకి కాస్త తక్కువ. 4కె మీద మూడో వంతు. ఎడిటింగ్‌ ఒక్కటే అయితే 4కెకే ఓటేద్దును. కానీ గేముంది. ఫుల్‌ హెచ్‌డీలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు, 1440లో 37 లక్షలు, 4కెలో 83 లక్షలు. గేములో ప్రతి ఫ్రేముకీ గ్రాఫిక్స్‌ కార్డు అన్ని పిక్సెళ్లూ గీయాలి. మధ్యతరగతి కార్డు 1440ని లాగగలదు, 4కె దగ్గర ఆయాసపడుతుంది. 4కె తెర మీద గేముని తక్కువ రిజల్యూషన్‌లో నడపొచ్చుగా అంటారా? నడపొచ్చు, మసకగా ఉంటుంది.

గేములకి ఎంత వేగం?

60 హెర్ట్జ్‌ తెర 16.7 మిల్లీసెకన్లకొకసారి బొమ్మ మారుస్తుంది. 100 హెర్ట్జ్‌ అయితే 10. 144 అయితే దాదాపు 7. 240కి పోతే 4.2. అంకెలు చూడండి: 60 నుంచి 100కి వెళ్తే 6.7 మిల్లీసెకన్లు కలిసొచ్చాయి, 144 నుంచి 240కి ఎగబాకితే మూడు కూడా రాలేదు. వాలరెంట్‌ టోర్నమెంట్లాడే వాడికి ఆ మూడూ బంగారమే. రాత్రి భోజనాలయ్యాక కార్ల రేసులాడే అన్నదమ్ములకు వాటితో పనిలేదు. వేగం కోసం రంగును వదులుకోవాల్సిన రోజులు కూడా పోయాయి. 2019 ప్రాంతం నుంచి వేగవంతమైన ఐపీఎస్‌ ప్యానెళ్లు వరసగా వచ్చాక, ఇప్పుడు 1440 ఐపీఎస్‌ మానిటర్లు చాలావాటికి 100 దాటే ఉంటోంది.

వేగం కన్నా ముఖ్యమైనది ఫ్రీసింక్‌ లేదా జీసింక్‌ కంపాటిబుల్‌ అన్న మాట. కార్డు ఒకసారి 55 ఫ్రేములు, ఒకసారి 80 పంపిస్తుంటే, తెర తన తాళం దానికి తగ్గట్టు మార్చుకుంటుంది. అది లేకపోతే కారు మలుపు తిరిగేటప్పుడు బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు కూడా ఎంపిక చేసిన ఫ్రీసింక్‌ తరహా మానిటర్లతో కలిసి పనిచేస్తున్నాయి, కాబట్టి మీ కార్డు ఏ కంపెనీదని బెంగ లేదు. పెట్టె మీది ‘1 మిల్లీసెకను’ని మాత్రం నమ్మకండి. దాన్ని సాధించాలంటే మెనూలో ఓవర్‌డ్రైవ్‌ని చివరి మెట్టులో పెట్టాలి, పెడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ తోకలా వస్తుంది. మధ్య మెట్టులో ఉంచేయండి.

షాపులో, ఇంట్లో ఏం చూసుకోవాలి?

షాపుకి పెన్‌డ్రైవ్‌ తీసుకెళ్లండి. షాపువాడు వేసే డెమో వీడియోలో చిలకలు, పళ్లు తప్ప ఏమీ ఉండవు, ఏ తెర మీదైనా అవి అందంగానే ఉంటాయి. మీ పెన్‌డ్రైవ్‌లో మొహం బాగా కనిపించే ఫొటో ఒకటి, ఎర్రమట్టి దిబ్బలది ఒకటి, మొత్తం బూడిద రంగు బొమ్మ ఒకటి, మొత్తం నలుపుది ఒకటి. బూడిద బొమ్మని తెర నిండా వేస్తే మూలలు మురికిగా ఉన్నాయా, ఒక పక్క గులాబీ ఛాయ కొడుతోందా తెలుస్తుంది. నలుపు వేసి లైటు ఆర్పమంటే కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి. ‘వివిడ్‌’, ‘గేమ్‌’ మోడ్‌ల నుంచి తప్పించి ఎస్‌ఆర్‌జీబీలో పెట్టాకే చూడండి. ఆన్‌లైన్లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి, తిప్పి పంపే గడువు లోపల ఇవే పరీక్షలు చేయండి. చచ్చిన పిక్సెళ్లు ఎన్ని ఉంటే మారుస్తారో కొనకముందే అడగండి.

ల్యాప్‌టాప్‌ పాతదైతే దాని హెచ్‌డీఎంఐ ఏ తరమో చూడండి. 1.4 తరం అయితే 4కెని 30 హెర్ట్జ్‌ దగ్గరే ఆపేస్తుంది, 1440ని కూడా 75 దాటనివ్వదు. డిస్‌ప్లే పోర్ట్‌ ఉంటే దాన్నే వాడండి. ఇక తగిలించాక విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌ తెరిచి రిఫ్రెష్‌ రేటు మార్చాలి. అది చాలాసార్లు 60 దగ్గరే కూర్చుని ఉంటుంది. 144 హెర్ట్జ్‌ మానిటర్‌ కొని ఏడాదిగా 60లో ఆడుతున్నవాళ్లు మీ అపార్ట్‌మెంట్లోనే ఒకరుంటారు. ఎడిటింగ్‌ చేసేటప్పుడు నైట్‌ లైట్‌ ఆపేయండి, అది తెలుపునంతా పసుపు చేస్తుంది.

ఉప్పుగాలి ఊరు కాబట్టి సముద్రం వైపు కిటికీ పక్కన మానిటర్‌ పెట్టొద్దు. వెనక చిల్లుల్లోంచి తేమ లోపలికెళ్తే పోర్టుల పిన్నులు తుప్పుపడతాయి. వానాకాలంలో వారాల తరబడి ఆపి ఉంచకండి, కాసేపైనా వెలిగిస్తే లోపలి వేడికి చెమ్మ ఆరుతుంది. తుడవడానికి పొడి మైక్రోఫైబర్‌ గుడ్డ చాలు. అద్దాలు తుడిచే ద్రవం చల్లితే తెర మీది మెరుపు తగ్గించే పూత పోతుంది.

కాలిబ్రేటర్‌ ఎప్పుడు కొనాలి?

తెర మీద ఆనించి రంగుల్ని కొలిచే ఈ చిన్న పరికరం పది వేల పైమాటే. స్పైడర్‌, కాలిబ్రైట్‌ పేర్లతో దొరుకుతుంది. ఫొటోలు సరదా కోసమే అయితే ఇప్పుడే వద్దు, ఏ4 కాగితంతో నెట్టుకురండి. పెళ్లిళ్లు ఒప్పుకుని కరిజ్మా ఆల్బమ్‌లు వేయించడం మొదలెట్టిన రోజున కొనండి, ఎందుకంటే ఒక్క ఆల్బమ్‌ మళ్లీ అచ్చేయాల్సి వచ్చినా కాలిబ్రేటర్‌ ధరలో చాలా భాగం పోయినట్టే. ముగ్గురు నలుగురు ఫొటోగ్రాఫర్‌ మిత్రులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి తప్ప దానితో పని ఉండదు. కొలిచే ముందు మానిటర్‌ని అరగంట వెలగనివ్వండి, వేడెక్కేదాకా దాని తెలుపు కుదురుకోదు.